చెత్తను వేఱుచేయు చేతుల నేర్పు

చినిగిన చీరెలను బొంతగా కుట్టుకొనుట మన పెద్దలెఱిగిన విద్యయే. పాత జరీని కరగించి వెండి తీయుదురని గద్వాల చీరెలు కట్టువారు వినియే యుందురు. పాఱవేసినదానిలో సరకును చూచుట మనకు క్రొత్త గాదు. కాని నేడు ఆ సరకును వెలికితీయు భారము మన యింట గాక, వేకువనే చెత్తబండి వెంట వచ్చు స్త్రీలపైనను, తుక్కు దుకాణములలో సామాను ఏరు స్త్రీలపైనను పడినది. వారిది మొరటుపని యని తలచుట తగదు. అది నేర్చి వృద్ధిచేసికొనదగిన వృత్తి. ఆ వృత్తి మెఱుగుపడు మార్గములను, అందు గృహిణుల పాలును ఇచట ముచ్చటింతుము.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు 11న మహబూబ్‌నగరునుండి విడివడి వేఱు జిల్లాలైనవి. ఆ యేటనే కేంద్రప్రభుత్వము తడిచెత్తను, పొడిచెత్తను, హానికరమగు చెత్తను ఇంటివద్దనే వేఱుచేయవలెనని నిబంధన విధించెను. ఆ నిబంధన యెంత చక్కగా సాగునో, పనివారి చేతిపని యంత చక్కగా సాగును.

పనిలో మొదటి సూత్రము క్రమము. కుప్పయెదుట కూర్చుండగనే గాజుపెంకులు, బ్లేడులు ముందుగా తొలగింపవలెను. పిమ్మట కాగితము తీయవలెను. ఏలయన తడిసిన కాగితమునకు ధర తగ్గును. అటుపై లోహములు, తుదకు ప్లాస్టిక్కు. అట్టపెట్టెలు, వార్తాపత్రికలు, నోటుపుస్తకములు వేర్వేఱు ధరలకు పోవును గాన వేర్వేఱు సంచులలో నుండవలెను. నేలపై వంగి ఏరుటకంటె నడుమెత్తు బల్లపై ఏరినచో నడుమునొప్పి తగ్గును, పనియు త్వరగా సాగును.

రెండవ సూత్రము గుర్తింపు. సూదంటురాయి ఇనుమును పట్టును. రాగిని, ఇత్తడిని, అల్యూమినియమును పట్టదు. అల్యూమినియమును ఖనిజమునుండి క్రొత్తగా తీయుటకంటె పాతదానిని కరగించుటకు నూటికి 5 వంతుల శక్తియే చాలును; కావున చిన్న డబ్బానైనను విడువరాదు. నీళ్లసీసా ముక్కను నీటిలో వేసిన మునుగును. దాని మూత ముక్క తేలును. రెండును వేర్వేఱు జాతుల ప్లాస్టిక్కులు గాన మూతను తీసి వేఱుగా నుంచవలెను. రాగితీగెను కాల్చరాదు. ఆ పొగ విషము. రాగియు నల్లబడి ధర తగ్గును. పైతొడుగును చీల్చి తీయుటయే మేలు.

మూడవది లెక్క. ఏ రకమెంత తూగినది, దుకాణదారు దేనిని త్రిప్పిపంపినాడు అని వారముదినములు వ్రాసికొనినచో లోపమెచటనో తెలియును. అన్నింటిని ఒక్కమాఱు దిద్దబోక, ఎక్కువగా త్రిప్పివచ్చిన రకమును ముందు సరిచేసికొనవలెను.

ఇంతటి నేర్పును చేయి క్షేమముగా నున్ననే ఫలించును. చేతితొడుగులు వ్రేళ్లకు సరిపోవలెను. వదులైనవి పనికడ్డు గాన పనివారు వానిని తీసివేయుదురు. ధనుర్వాతపు టీకా వేయించుకొనుట, గాయమును వెంటనే సబ్బునీటితో కడుగుట మఱువరాదు.

ఇక సోదరీమణులారా, మన పాలెంత? మన వంటింట పులుసు ఒలికిన కాగితమును ఎంతటి నేర్పరియు బాగుచేయజాలదు. కూరగాయల తొక్కలలో చేరిన గాజుపెంకు ఎరువుతోగూడ వేరుసెనగ చేనికి పోయి, అచట కలుపుతీయు మఱియొక స్త్రీ పాదమున నాటుకొనును. కావున తడిచెత్తకొక బుట్ట, పొడిచెత్తకొక సంచి యుంచుడు. పాలసంచులను కడిగి ఆరవేయుడు. పగిలిన గాజును దళసరి కాగితములో చుట్టి చేతికిచ్చి చెప్పుడు. బ్లేడులను, సూదులను మూతగల డబ్బాలో వేయుడు. ఋతుకాలపు గుడ్డలను విడిగా కాగితమున చుట్టి గుర్తుపెట్టుడు. ఇందులకు దినమునకు కొద్ది నిమిషములు చాలును.

బండివెంట వచ్చునామెను "చెత్తామె" యని పిలువక, వయసునుబట్టి అక్కా యనియో చెల్లీ యనియో పిలిచి, ఏ వస్తువు ఎట్లిచ్చిన ఆమెకు సుకరమో అడిగి తెలిసికొనుడు. ఆ విషయమున ఆమెయే మనకు ఉపాధ్యాయిని. ఆమె పనితనము సగము ఆమె చేతిలోను, సగము మన వంటింటిలోను ఉన్నది.