కౌజు పిట్ట ఎగిరే క్షణం

వేటపక్షుల మాట రాగానే మన పెద్దలకు తుపాకీ, వల, ఉచ్చు గుర్తుకు వస్తాయి. నేటి యువకుల చేతికి కెమెరా వచ్చింది. ఇది సంతోషించదగిన మార్పు. అయితే చేతిలోని సాధనం మారినంత మాత్రాన వేటగాని తొందర పోతుందా అన్నది ఆలోచించవలసిన విషయం. మా వద్ద చదువుకొనే విద్యార్థులు సెలవుల్లో తీసిన పక్షుల ఫొటోలు చూపినప్పుడల్లా మేము ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "ఆ పిట్ట తనంతట తాను ఎగిరిందా, మీరు బెదరగొడితే ఎగిరిందా?"

భారతీయ పక్షిశాస్త్రానికి పెద్దదిక్కైన సాలిం అలీ 1896లో బొంబాయిలో జన్మించారు. బాల్యంలో ఎయిర్‌గన్‌తో కొట్టిన ఒక పిచ్చుక ఏ జాతిదో తెలియక, దానిని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి తీసుకువెళ్లడంతోనే ఆయన పక్షుల అధ్యయనం మొదలైంది. 1930వ దశకం ఆరంభంలో నిజాం రాజ్యంలోని పక్షులను ఆయన సర్వే చేసినప్పుడు కూడా నమూనాల సేకరణకు తుపాకీయే ఆధారం. నేడు దూరాన్ని దగ్గర చేసే లెన్సులున్నాయి. ఈక మీది సన్నని గీతను సైతం ప్రాణం తీయకుండా చూడవచ్చు.

మన ఇళ్లలో తీతర్ అని పిలుచుకొనే బూడిదరంగు కౌజు పిట్టనే ఉదాహరణగా తీసుకుందాం. తుప్పలు, బీళ్లు, చేల గట్లు దాని నివాసం. ప్రమాదాన్ని పసిగడితే అది మొదట పరుగు తీస్తుంది, లేదా పొదలో అణగి ఉంటుంది. మనిషి మరీ సమీపిస్తేనే రెక్కల చప్పుడుతో ఒక్కసారిగా పైకి లేస్తుంది. పొట్టి గుండ్రని రెక్కలను వేగంగా ఆడించి, ఆపై వాటిని చాచి గాలిలో కొంతదూరం జారి, మళ్లీ పొదల్లో దిగిపోతుంది. ఇదంతా కొన్ని సెకన్లలో ముగుస్తుంది.

కనుక సన్నాహం ముందే జరగాలి. తెల్లవారేసరికి బండిదారి పక్కన, సూర్యుడు మన వీపు వైపు ఉండేలా, కదలక కూర్చోవాలి. ఆ వేళ కౌజులు మేతకు, మట్టిలో పొర్లడానికి బయటికి వస్తాయి. కూతను బట్టి అవి ఏ దిక్కున ఉన్నాయో తెలుస్తుంది. ఆపి ఉంచిన కారు లోపలి నుండి తీస్తే అంతగా బెదరవు. నేలమీది పక్షిని తీసేటప్పుడు కెమెరాను దాని కంటి ఎత్తుకు దించాలి. నడిచే పక్షికి సెకనులో 500వ వంతు షట్టరు వేగం సరిపోతుంది. ఎగిరే పక్షికి 2000వ వంతు, వీలైతే ఇంకా తక్కువ సమయం కావాలి. 400 మిల్లీమీటర్ల లెన్సు, కదిలే పక్షిని వెంబడించే ఫోకస్ ఉంటే మేలు. రెక్కలు చాచి జారే క్షణం చిత్రానికి అనువైనది. తోకలోని ఇటుకరంగు ఈకలు అప్పుడే విప్పారి కనిపిస్తాయి.

ఇంత ఓపిక లేనివారు రాళ్లు విసురుతారు, కుక్కలను ఉసిగొల్పుతారు, ఫోనులో కూత వినిపించి పక్షిని మోసగిస్తారు. కౌజు నేలమీదనే గుడ్లు పెడుతుంది. తల్లి బెదిరి ఎగిరిపోతే గుడ్లు ఎండకు, కాకులకు, ముంగిసలకు చిక్కుతాయి, పిల్లలు చెల్లాచెదరవుతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 'వేట' అన్న మాటకిచ్చిన నిర్వచనంలో అడవి పక్షుల గుడ్లకు, గూళ్లకు అలజడి కలిగించడం కూడా చేరి ఉన్నది. ఫొటో కోసం గూటిని కెలికినవాడు చట్టం దృష్టిలో వేటగాడే.

ఉత్తర భారతంలో నల్ల కౌజు కూతలో ప్రజలకు "సుబ్హాన్ తేరీ ఖుద్రత్" అన్న పలుకు వినిపిస్తుంది. భయపడిన పక్షి ఆ కూత కూయదు. పిల్లలకు కెమెరా కొనిచ్చే తల్లిదండ్రులు ముందుగా కొన్ని ఉదయాలు వారిని ఉత్త చేతులతో బీళ్లకు పంపాలి. పక్షి ఎప్పుడు వచ్చింది, ఎటు నడిచింది, దేనికి బెదిరింది అన్నవి పుస్తకంలో వ్రాయించాలి. గూడు కనిపిస్తే వెనుదిరిగి రావాలనీ, ఆ చోటు ఎవరికీ చెప్పరాదనీ నేర్పాలి. ఆ తరువాతే కెమెరా ఇవ్వాలి.