బలమైన పాత పికప్పును కొనదలచిన వారికి

ఖిలా వరంగల్ మట్టికోట లోపలను వెలుపలను సేద్యము చేయు కర్షక సోదరులు కొందరు ఈ నడుమ మమ్ము తెగుళ్లను గూర్చి గాక మోటారు బండ్లను గూర్చి ప్రశ్నించుచున్నారు. వారిలో చదువుకొనిన యువకులే ఎక్కువ. వారు కోరునది మామూలు సరకు బండి కాదు. అయిదుగురు కూర్చుండుటకు వసతియు, వెనుక తొట్టియు, నాలుగు చక్రములకును శక్తి నందించు ఏర్పాటును గల వేగవంతమైన పికప్పు. క్రొత్తదానికి చేయి చాలదు గనుక పాతది. మిరప అమ్మిన సొమ్ము చేతికి వచ్చు కాలమున ఈ కోరిక బలపడును. దళారులును ఆ కాలముననే బలపడుదురు.

ఇట్టి బండ్లలో తరచుగా పేరు వినబడునది ఇసుజు డీ-మాక్స్ వీ-క్రాస్. ఇది ఆంధ్రప్రదేశములోని శ్రీసిటీ కర్మాగారమున 2016లో తయారగుట మొదలైనది. మొదటి బండ్లలో 2.5 లీటర్ల డీసెలు ఇంజనుండెను. దాని బలము 134 అశ్వశక్తులు. 2021లో బీఎస్-6 నిబంధనల బండి 1.9 లీటర్ల ఇంజనుతో వచ్చినది. మహీంద్రా స్కార్పియో గెటవే, టాటా జెనాన్ అనునవి అంతకంటె పాతవి, వాని తయారీ ఆగిపోయినది. అట్టి బండి చవుకగా దొరకినచో, బేరమునకు ముందే దాని దీపములును, తలుపులును, గేరుపెట్టె భాగములును ఎచ్చట దొరకునో విచారించుకొనవలెను.

శక్తిగల బండి యనగా బరువు మోయు బండి యని మనవారు తలంచుచున్నారు. ఇది గొప్ప పొరపాటు. బొలెరో పికప్పు వంటి సరకు బండి టన్నుకు పైగా మోయుటకే నిర్మింపబడినది. వేగపు పికప్పులోని బలము పరుగునకును, బురదలో నుండి బయటపడుటకును ఉద్దేశింపబడినది. రిజిస్ట్రేషను పత్రముపై ఖాళీ బండి బరువును, నిండు బండి బరువును వ్రాసియుండును. రెండవదానిలో నుండి మొదటిదానిని తీసివేయుడు. 600 కిలోలు మిగిలినవనుకొందము. అయిదుగురు మనుష్యులకు 350 కిలోలు పోగా మిగిలినవి 250, అనగా 40 కిలోల మిరప బస్తాలు ఆరు. ఎనుమాముల మార్కెట్టునకు ఆరు బస్తాలతో పోయి వచ్చుటకు ఇంత బండి యేల? ఇరువది బస్తాలు వేసినచో కమానులు వంగును, బ్రేకులు చాలవు. మేము చదివిన మిషను పాఠశాలలో ప్రకృతిశాస్త్రపు ఉపాధ్యాయుడు గడ్డపారతో రాయిని మీటు విధమును నల్లబల్లపై గీచి చూపెడివారు. వెనుక ఇరుసును దాటి వేసిన బరువు అట్లే ముందు చక్రములను తేలవేయును. అప్పుడు స్టీరింగు మన మాట వినదు.

తెల్లని నంబరు పలక గల స్వంత బండిలో పరుల సరకును బాడుగకు వేయుటయు చట్టసమ్మతము కాదు. వానకాలమున దూరపు చేనికి మోటారును, డ్రిప్పు గొట్టములను, నారును చేర్చుకొనుచు, అదే బండిలో ఇంటివారిని ఊళ్లకు తీసికొని పోవువారికి మాత్రము మేము వలదనము.

రెండేండ్ల క్రిందట కోటలోని ఒక మిరప రైతుతో కూడ మేమే అట్టి బండిని చూడబోయితిమి. ఉదయము ఆరు గంటలైనది. తాళము త్రిప్పగనే ఇంజను పలికినది. బానెట్టుపై చేయి వేయగా వెచ్చగా నుండెను. ఇప్పుడే డీసెలు పోయించుకొని వచ్చితినని అమ్మువాడనెను. మేము నమ్మితిమి. రైతు మమ్ము నమ్మెను. బండి ఇల్లు చేరిన పిదప మొదటి చలి ఉదయముననే ఎంత త్రిప్పినను పలుకక, కడకు తెల్లని పొగను గ్రక్కినది. ఇంజెక్టర్లు పాడైయున్నవి. మరమ్మతునకు కొన్న ధరలో అయిదవ వంతు పట్టినది. ఆ యేడు అతడు స్వంత బండి వాకిట నుండగనే మిరపను కిరాయి బండిలో మార్కెట్టునకు తోలించెను. మమ్ము ఒక్క మాటయు అనలేదు. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే కారణము.

కావున రాత్రియంతయు నిలిచిన ఇంజనునే పరీక్షింపవలెను. వెచ్చగా నున్నచో మరునాడు వచ్చెదమని చెప్పి మరలిపోవలెను. ఇంజను నడుచుచుండగా నూనె మూతను విప్పిచూడుడు. ఆవిరి బుసబుస ఎగసినచో పిస్టను రింగులు అరిగినవని అనుమానింపవలెను. నీలిపొగ నూనె కాలుటకు గుర్తు. రేడియేటరు మూతను ఇంజను చల్లగా నున్నప్పుడే తీయవలెను. కూలెంటుపై నూనె తెట్టె కనబడరాదు. బండి క్రింద పడుకొని చూచుటకు సిగ్గుపడవలదు. ఎరువులు మోసిన బండి తొట్టి మూలలు తుప్పు పట్టును. దానిపై క్రొత్త నల్లరంగు పూసియుండిన చిన్న సుత్తితో తట్టి వినుడు. కోట రాతి ద్వారముల వంపులలో స్టీరింగును పూర్తిగా త్రిప్పి మెల్లగా నడుపుడు. ముందు చక్రముల వద్ద టకటక శబ్దము వచ్చినచో సీవీ జాయింట్లు అరిగినవి. నాలుగు చక్రముల గేరును మాత్రము ఎండిన తారు బాటపై గాక, తడిమట్టిపై వేసి చూడవలెను.

వరదలో మునిగిన బండ్లను గూర్చి ప్రత్యేకముగ హెచ్చరింపవలసియున్నది. 2023 జూలైలో వరంగల్లున, 2024 సెప్టెంబరులో ఖమ్మమున, మరల 2025 అక్టోబరులో మొంథా తుపానునకు వరంగల్లున వరదలు వచ్చినవి. నీట మునిగిన బండి కడిగి తుడిచిన పిదప క్రొత్తదానివలె మెరయును. సీటు బెల్టును కడవరకు లాగిచూచినచో, లోపల దాగిన బురద చార బయటపడును. సీట్ల క్రింది పట్టాలపై తుప్పును, ఫ్యూజు పెట్టెలో పచ్చని పొక్కులును చూడవలెను.

కంప్యూటరును మార్పించి అశ్వశక్తిని పెంచినామని గొప్పగా చెప్పు బండిని మేము ముట్టనైన ముట్టము. క్లచ్చియు, టర్బోయు ఆ గొప్పకు మూల్యము చెల్లించియుండును.

కాగితముల విషయమున మొగమాటము కూడదు. 29, 30 సంఖ్యల ఫారములపై సంతకములైన దినముననే రవాణా కార్యాలయమున అర్జీ వేయవలెను. అప్పు తీరిన బండియైనచో బ్యాంకు పత్రమును, 35వ ఫారమును పుచ్చుకొనవలెను. బీమాను 14 దినములలో తన పేర మార్పించుకొనవలెను. బండిని అమ్మినను పత్రముపై పేరు మారనిచో, ప్రమాద పరిహారము పాత యజమానుని మీదనే పడునని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. అమ్మువారును ఇది గమనింపవలెను. స్వంత బండికి 15 ఏండ్లు నిండిన పిదప ఫిట్‌నెస్ పరీక్షయై అయిదేండ్లకొకమారు పునరుద్ధరణ జరుగవలెను గనుక ఆ గడువును ధరలో లెక్కింపుడు. ధర పోగా అందులో అయిదవ వంతు సొమ్ము చేత నిలువలేనివారు ఆ యేడు కొనకుండుటయే మేలు. పంటఋణమును మాత్రము ఇందులకు మళ్లింపరాదు. విత్తనమునకు ఉంచిన సొమ్ము టైర్లలో అరిగిపోవును.

కొనిన పిదప మొదటి వారముననే నూనెను, వడపోతలను, కూలెంటును, బ్రేకు ద్రవమును మార్పించవలెను. వెనుకటివాడు మార్పించితినన్న మాటను లెక్కింపవలదు. ఆపైన 10,000 కిలోమీటర్లకో, ఏడాదికో, ఏది ముందైన దానికి నూనె మార్చుడు. టర్బో చక్రము నిమిషమునకు లక్షకు మించి తిరుగునది. దూరము పరుగెత్తి వచ్చిన పిదప ఒక నిమిషము ఇంజనును నెమ్మదిగా తిరుగనిచ్చి ఆర్పవలెను. టైరు ప్రక్కన 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరపు 23వ వారమున పుట్టినది. పూవు మిగిలినను వయస్సు మీరినదానిని నమ్మరాదు. వానకాలమున డీసెలు వడపోత అడుగున చేరు నీటిని తీయించుచుండవలెను.

ఆ మిరప రైతు బండి నేటికిని నడుచుచున్నది. నూనె మార్చిన తేదీని, మీటరు అంకెను అతడు గోడకున్న కాలెండరుపై వ్రాసిపెట్టును. క్రిందటి నెల మేము పోయినప్పుడు ముందు బ్రేకు ప్యాడ్లను మార్పించుచుండెను. పాతవానిని మా చేతికిచ్చి, ఇంకను ఎన్నాళ్లు వచ్చెడివో చెప్పుడని అడిగెను.