పోటీ గులాబీకి యాభై రోజుల ముందే కత్తెర

విజయనగరం: పెరట్లో పూసిన గులాబీని ఇరుగుపొరుగు మెచ్చుకుంటే ఎవరికైనా మనసు పొంగుతుంది. 'ఇంత పువ్వును పోటీకి పెడితే బహుమతి రాదా?' అన్న ఆశ అక్కడే మొలకెత్తుతుంది. తీరా ప్రదర్శనకు పట్టుకెళితే న్యాయనిర్ణేతలు దానివైపు రెండోసారి చూడరు. పక్కనే నిటారుగా నిలిచిన మరో గులాబీకి బహుమతి చీటీ కడతారు. తన పువ్వులో లోపమేమిటో కొత్తవారికి అంతుపట్టదు.

లోపం పువ్వులో కాదు, తయారీలో ఉంది. జడలో తురుముకునే గులాబీ వేరు, దండలో గుచ్చే గులాబీ వేరు, పోటీ బల్ల మీద నిలిచే గులాబీ వేరు.

నూటికి ఎన్ని?

అమెరికా గులాబీ సంఘం వారి లెక్క ప్రకారం పువ్వు ఆకృతికి 25 మార్కులు. రంగుకు 20, కాడకూ ఆకులకూ కలిపి 20, రేకుల బిగువుకు 15. పువ్వు, కాడ ఒకదానికొకటి అమరి ఉన్నందుకు 10. పరిమాణానికి పదే. ఎంత పెద్ద పువ్వయితే అంత గొప్ప అనుకునేవారికి ఇది కనువిప్పు. పరిమళానికి ఈ పట్టికలో చోటే లేదు. సువాసన పోటీ పెట్టదలిస్తే దాన్ని విడిగా పెడతారు.

పువ్వు సగం నుంచి ముప్పాతిక వంతు వరకే విచ్చుకొని ఉండాలి. నడిమి మొగ్గ శిఖరంలా లేచి, రేకులు దాని చుట్టూ వరుస తప్పకుండా అమరాలి. పూర్తిగా విరబూసి నడుమ పుప్పొడి కనిపించిందంటే ఇంటి వారికి ఎంత ముద్దుగా ఉన్నా పోటీలో వెనకబడినట్లే.

మొక్క కొనేటప్పుడే జాగ్రత్త అవసరం. కడియపులంక నర్సరీల నుంచి వచ్చినదైనా, వీధిలో బండి మీద కొన్నదైనా రకం పేరు అడిగి రాసి పెట్టుకోవాలి. చాలా పోటీల్లో పువ్వు పక్కన రకం పేరు ఉండాలంటారు. పీస్, గ్లాడియేటర్, ఫస్ట్ ప్రైజ్, డబుల్ డిలైట్ వంటివి ప్రదర్శనల్లో పేరు మోసినవి. అంటు కట్టిన చోటుకు దిగువ నుంచి లేచే పిలకలను ఎప్పటికప్పుడు తీసేయాలి. వాటిని ఏపుగా ఎదిగాయని మురిసి వదిలేస్తే అసలు మొక్క చిక్కిపోతుంది.

వెనక్కి లెక్కించాలి

పోటీ తేదీ తెలిసిన రోజునే సాగు మొదలవుతుంది. మైదాన ప్రాంతంలో కొమ్మ కత్తిరించిన సుమారు 45 నుంచి 50 రోజులకు గులాబీ పూస్తుంది. జనవరి 10న పోటీ అనుకుంటే యాభై రోజులు వెనక్కి లెక్కించి నవంబరు 21న కత్తెర పట్టాలి. పది కుండీలున్నవారు అన్నింటినీ ఒకే రోజు కత్తిరించరు. మూడు 17న, నాలుగు 21న, మూడు 25న కత్తిరిస్తారు. చలి ఎక్కువై పూత ఆలస్యమైనా, ఎండ కాసి ముందుకు జరిగినా ఏదో ఒక జట్టు అందివస్తుంది.

బయటి వైపు చూస్తున్న కన్నుకు కాస్త పైన ఏటవాలుగా కోయాలి. కోసిన చోట బోర్డో ముద్ద పూయాలి. తర్వాత మాగిన పశువుల ఎరువు, వేపపిండి వేసి, రోజుకు ఐదారు గంటలైనా ఎండ తగిలేచోట కుండీలుంచాలి.

కష్టమైన పని ఇంకొకటుంది. కొమ్మ కొసన ఉన్న మొగ్గనే ఉంచి, పక్క మొగ్గలన్నీ బఠాణీ గింజంత ఉండగానే గిల్లేయాలి. నాలుగు పువ్వులు పూయాల్సిన కొమ్మకు ఒక్కటే మిగల్చడానికి ఇంట్లో ఆడవారికి ప్రాణం ఒప్పదు. కానీ కొమ్మ బలమంతా ఆ ఒక్క పువ్వుకే చేరితేనే కాడ పొడుగవుతుంది, రేకు బిగుస్తుంది.

తుపాను నెలలు

ఉత్తరాంధ్ర వారికి ఇక్కడే చిక్కు. గులాబీకి కత్తెర పట్టే కాలమూ, బంగాళాఖాతం బుసకొట్టే కాలమూ ఒకటే. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. కొబ్బరి చెట్టే నిలవని గాలికి గులాబీ కొమ్మ ఎంత? గాలి లేకపోయినా ముసురు చాలు. తడిసిన కోతల నుంచి కొమ్మ కిందికి ఎండుకుంటూ వస్తుంది. ఆకులకు నల్ల మచ్చ తెగులు పడుతుంది. కుండీలో పెంచే చిన్న రైతుకు ఒక వెసులుబాటుంది. వాయుగుండం కబురు రాగానే కుండీలను వసారాలోకి చేర్చుకోవచ్చు. తోట ఉన్న ఆసామికి ఆ వీలు లేదు.

చలిదేశాల్లో పుట్టిన రకాలు మన వేడికి తాళలేకపోవడం మరో ఇబ్బంది. వేసవిలో పువ్వు కుదించుకుపోతుంది, రంగు వెలిసిపోతుంది. ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐ.ఏ.ఎస్. అధికారి ఎం.ఎస్. వీరరాఘవన్ ఈ చిక్కు మీదే దృష్టి పెట్టారు. ఉద్యోగం ముందుగానే వదిలి కొడైకెనాల్ చేరారు. మన దేశపు అడవి గులాబీలైన రోజా క్లైనోఫిల్లా, రోజా జైగాంటియాలతో సంకరం చేసి వేడికి తట్టుకునే రకాలు రూపొందించారు.

దుప్పటి కప్పిన గులాబీలు

పది కుండీలతో బంగళా తోటల వారి ముందు నిలబడగలమా అన్నది కొత్తవారి బెంగ. ఇంగ్లండులో తొలి జాతీయ గులాబీ ప్రదర్శన 1858 జులై 1న లండన్‌లో జరిగింది. దాన్ని తలకెత్తుకున్న రెనాల్డ్స్ హోల్ అనే మతగురువు 1869లో ప్రచురించిన తన పుస్తకంలో ఒక ముచ్చట చెప్పారు. నాటింగ్‌హామ్ కార్మికులు తమ గులాబీల పోటీకి న్యాయనిర్ణేతగా రమ్మని ఆయనకు కబురంపారు. అక్కడి చలికి ఏప్రిల్‌లో గులాబీలేమిటి, ఎవరో ఆట పట్టిస్తున్నారనుకున్నారాయన. వెళ్లి చూస్తే నిజంగానే గులాబీలు! కూలి డబ్బులతో కట్టుకున్న చిన్న అద్దాల గూళ్లలో పెంచినవి. మంచు కురిసే రాత్రుల్లో ఇంటివారు తాము పడుకునే దుప్పట్లు తీసి మొక్కలకు కప్పారట!

ఒక కాడ, ఒక పువ్వు పోటీలో బల్ల మీదకు చేరేది తోట కాదు, ఆ ఒక్క కాడే. అక్కడ మూడు వందల మొక్కల బంగళా, పది కుండీల డాబా పక్కపక్కనే నిలబడతాయి.

పోటీనాడు తెల్లవారక ముందే కోసి, కాడను వెంటనే బకెట్ నీళ్లలో మెడ దాకా ముంచాలి. శ్రీకాకుళం నుంచి విశాఖకు వెళ్లాలంటే వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. బస్సులో పువ్వుకు పువ్వు తగలకుండా పట్టుకోవాలి. చేరాక ఆకులను తడిగుడ్డతో తుడవాలి. మెరుపు కోసం నూనె రాస్తే పోటీ నుంచి తప్పిస్తారు.

మొదటి ఏడాది బహుమతి రాకపోవచ్చు. కత్తిరించిన తేదీ, పూసిన తేదీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే ఆ డాబాకు, ఆ ఎండకు ఎన్ని రోజులు పడుతుందో తేలిపోతుంది. మరుసటి ఏడు కత్తెర ఏ రోజు పట్టాలో ఆ పుస్తకమే చెబుతుంది.