మామిడి తోటల పిల్లలకు మరో దారి: నాణ్యత, నిబంధనలు, రిస్క్ రంగంలో కెరీర్లు



తొమ్మిది, పది తరగతుల పేరెంట్స్ మీటింగ్‌లో మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "మా బాబుకి ఎం.పి.సి. మంచిదా, బై.పి.సి. మంచిదా?" ఎం.పి.సి. అంటే ఇంజినీరింగ్, బై.పి.సి. అంటే నీట్ అన్నంత వరకే మన ఆలోచన ఆగిపోతోంది. నూజివీడు చుట్టూ పండే పంటతోనే ముడిపడిన ఒక ఉద్యోగ రంగం ఉందని చాలామందికి తెలియదు. దాని పేరు కాస్త బరువుగా ఉంటుంది: రెగ్యులేటరీ కంప్లయన్స్, రిస్క్ మేనేజ్‌మెంట్. పంట తోట నుంచి పళ్లెం దాకా వెళ్లేలోపు ప్రభుత్వాలు, కొనుగోలుదారులు పెట్టిన నిబంధనలన్నీ పాటించేలా చూడడం మొదటి పని. ఎక్కడ నష్టం రావచ్చో ముందే కనిపెట్టి అడ్డుకట్ట వేయడం రెండో పని.

ఒక కాగితం ఖరీదు

2025 మే నెలలో మన దేశం నుంచి విమానాల్లో వెళ్లిన కనీసం 15 మామిడి కన్‌సైన్‌మెంట్లు అమెరికా విమానాశ్రయాల్లో తిరస్కరణకు గురయ్యాయి. కారణం రేడియేషన్ శుద్ధికి సంబంధించిన పత్రాల్లో తేడాలు. వెనక్కి తెచ్చుకునే ఖర్చు సరుకు విలువను మించిపోతుంది కాబట్టి పండ్లను అక్కడే ధ్వంసం చేశారు. నష్టం దాదాపు 5 లక్షల డాలర్లని ఎగుమతిదారుల అంచనా.

2014లో జరిగింది వేరు. మన పండ్లలో, కూరగాయల్లో పండుఈగ లాంటి పురుగులు కనిపించాయని యూరోపియన్ యూనియన్ ఆ ఏడాది మే 1 నుంచి మామిడిని, నాలుగు రకాల కూరగాయలను ఆపేసింది. తనిఖీ వ్యవస్థను సరిచేసుకున్నాక 2015లో మామిడికి మళ్లీ తలుపు తెరుచుకుంది. ఒకచోట కాగితం, ఇంకోచోట పురుగు. రెండుచోట్లా నష్టం చివరికి పంట ధర మీదే పడుతుంది. ఆ భారం మోసేది తోట కౌలు కట్టి, పూత కోసం ఆకాశం వైపు చూసే రైతే.

ఒక బంగినపల్లి కాయ ప్రయాణం

తోటలో ఏ మందు, ఏ రోజు, ఎంత మోతాదులో కొట్టారో రాసిపెట్టాలి. మందు కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో అన్ని రోజులూ ఆగాలి. ప్రత్యేక పరిమితి నిర్ణయించని పురుగుమందు విషయంలో యూరప్ సాధారణంగా ఒప్పుకునేది కిలోకు 0.01 మిల్లీగ్రాము మాత్రమే. అంటే వంద టన్నుల కాయలకు ఒక్క గ్రాము!

తర్వాత శుద్ధి. అమెరికాకు వెళ్లే కాయకు కనీసం 400 గ్రే మోతాదు రేడియేషన్ ఇవ్వాలి. జపాన్‌కు వెళ్లే కాయను వేడి ఆవిరితో 47.5 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచాలి. జపాన్ 2006లో అనుమతించిన ఆరు రకాల్లో మన బంగినపల్లి ఒకటి. చివరగా ప్లాంట్ క్వారంటైన్ అధికారి ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉంటేనే పెట్టె కదులుతుంది.

మన ఊరి మార్కెట్‌కూ నిబంధనలున్నాయి. కార్బైడ్‌తో పండ్లు మగ్గపెట్టడం నిషేధం. దానికి బదులు 100 పి.పి.ఎం. వరకు ఇథిలిన్ వాయువు వాడుకోవచ్చని ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 2016లో అనుమతించింది. అది అమలవుతోందో లేదో చూసే మనిషి కావాలి కదా? ఉద్యోగాలు పుట్టేది ఇక్కడే.

ఏయే ఉద్యోగాలు?

• ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్: ప్రభుత్వ ఉద్యోగం. దుకాణాలు, గోదాములు, ఫ్యాక్టరీలు తనిఖీ చేసి శాంపిళ్లు తీస్తారు.

• క్వాలిటీ ఎగ్జిక్యూటివ్, ఆడిటర్: మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, రైస్ మిల్లులు, కైకలూరు, భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లు. రొయ్యల్లో నిషేధిత యాంటీబయాటిక్ ఆనవాళ్లు దొరికితే కంటైనర్ మొత్తం వెనక్కి రావచ్చు.

• ల్యాబ్ అనలిస్ట్: పురుగుమందుల, యాంటీబయాటిక్‌ల అవశేషాలు పరీక్షించడం. కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ ఇష్టపడే పిల్లలకు సరిపోతుంది.

• ప్లాంట్ క్వారంటైన్ రంగం: ఓడరేవులు, విమానాశ్రయాల్లో తనిఖీ. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఇందులో శిక్షణ ఇస్తుంది.

• బ్యాంకు, ఇన్సూరెన్స్ ఉద్యోగాలు: పంట రుణంలో, పంట బీమాలో ఎంత రిస్క్ ఉందో లెక్కకట్టడం. ఐ.బి.పి.ఎస్. ద్వారా భర్తీ చేసే అగ్రికల్చరల్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టు ఇందుకు మంచి ప్రవేశ ద్వారం.

ఏం చదవాలి?

బై.పి.సి. పిల్లలు ఈఏపీసెట్ ర్యాంకుతో బి.ఎస్సీ. అగ్రికల్చర్ లేదా హార్టికల్చర్‌లో చేరవచ్చు. గుంటూరు లాం దగ్గర ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, వెంకట్రామన్నగూడెంలో డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నాయి. రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంటుంది. గ్రామీణ ప్రాంతంలో చదివిన సంవత్సరాలకు సంబంధించిన షరతులు కూడా ఉంటాయి కాబట్టి నోటిఫికేషన్‌ను ముందుగానే జాగ్రత్తగా చదవండి.

ఎం.పి.సి. పిల్లలకు బి.టెక్. ఫుడ్ టెక్నాలజీ ఉంది. బాపట్లలో ఇందుకోసమే ఒక ప్రభుత్వ కళాశాల నడుస్తోంది. జె.ఇ.ఇ. మెయిన్ ర్యాంకుతో కుండ్లి, తంజావూరుల్లోని నిఫ్టెమ్ సంస్థల్లోనూ చేరవచ్చు.

ఇది ఎవరికి సరిపోతుంది?

అందరికీ కాదు. ప్రైవేటు ప్లాంట్లలో మొదటి జీతం సాఫ్ట్‌వేర్ జీతంతో పోటీపడదు. సీజన్‌లో రాత్రి షిఫ్టులుంటాయి. అన్నిటికంటే కష్టమైన క్షణం ఇంకొకటి ఉంది: లారీ బయట సిద్ధంగా ఉంటుంది, యజమాని తొందరపెడుతుంటాడు, పరీక్ష రిపోర్టు మాత్రం ఇంకా రాదు. అప్పుడు "సంతకం పెట్టను" అనగలిగే ధైర్యం కావాలి. ఆ సంతకం మీద తినేవాళ్ల ఆరోగ్యం, తోట రైతు ఆదాయం రెండూ ఆధారపడి ఉంటాయి. వివరంగా చదివే అలవాటు, ఓపిక, నిజాయితీ ఉన్న పిల్లలు ఈ రంగంలో బాగా రాణిస్తారు. క్లాసులో మొదటి ర్యాంకు రాని పిల్లల్లో కూడా ఈ గుణాలు మాకు తరచూ కనిపిస్తుంటాయి.

ఈ వేసవిలో ఇంట్లో చేయదగినవి

1. ప్యాకెట్ మీద ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 14 అంకెల నంబరు, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు పిల్లల చేత వెతికించండి.

2. తోట ఉన్నవాళ్లు ఈసారి మందుల పుస్తకం రాసే పని పిల్లలకు అప్పగించండి. మందు డబ్బా ముట్టుకోనివ్వకండి. తేదీ, పేరు, మోతాదు మీరు చెబితే వాళ్లు రాస్తారు.

3. వీలైతే నూజివీడు మామిడి పరిశోధన కేంద్రంలో ముందుగా అనుమతి తీసుకుని ఒకసారి చూపించండి.

ఇంటర్ గ్రూపు నిర్ణయించే ముందు ఒక్కసారి క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. ఆ మాటల్లో మీ పిల్లలను కూడా కూర్చోబెట్టండి.