కానుకల బుట్ట

రాజునొద్దకును, గురువునొద్దకును, దేవుని సన్నిధికిని వట్టి చేతులతో పోరాదని మన పెద్దలు చెప్పుదురు. ఆ మర్యాదయే వ్యాపార ప్రపంచమున కానుకల బుట్టయై నిలిచినది. దీపావళికి పక్షము దినముల ముందుగనే మిఠాయి అంగళ్లలో రంగుకాగితములు చుట్టిన బుట్టలు వరుసలు తీరును. వానిలో నేది కొనవలెను, ఎవరికి పంపవలెను? ప్రశ్న చిన్నదే కాని, అందు ఇరువురి గౌరవము ఇమిడియున్నది.

మేమెరిగిన యొక ఉద్యోగికి ఒక యేడు పండుగకు పండ్లబుట్ట వచ్చినది. పండ్ల అడుగున వెండి నాణెములు కలవు. పంపిన వర్తకుని టెండరు ఆ వారమే ఆ ఉద్యోగి పరిశీలనకు రానున్నది. ఆయన బుట్టను వచ్చినది వచ్చినట్లే తిప్పి పంపెను. “ఆ సరకు మంచిదే, కాని ఆ మాట నోరారా చెప్పుటకు నాకు సంకోచము కలిగినది” అని తరువాత మాతో ననెను. కానుక వలన వర్తకునకు కలిగిన లాభమిది!

కావున బుట్ట కొనుటకు ముందే ఒక సంగతి విచారింపవలెను. పుచ్చుకొనువారు మన టెండరునో, బిల్లునో, తనిఖీనో పరిష్కరింపవలసి యున్నచో శుభాకాంక్షల జాబు చాలును. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి ఉద్యోగులు స్వీకరించు కానుకలకు హద్దులు విధించినది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టమునకు 2018లో జరిగిన సవరణతో లంచమిచ్చుటయు ప్రత్యేక నేరమైనది. పెక్కు ప్రైవేటు సంస్థలకును ఇట్టి నియమములు కలవు. ముందుగా అడిగి తెలిసికొనుటలో చిన్నతనము లేదు.

ఇక బుట్టలో నేమి యుంచవలెను? హెచ్చు వెలకంటె మన ప్రాంతపు గుర్తు మిన్న. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బందరు లడ్డు కొన్నాళ్లు నిలువయుండును గనుక దూరపు ఊళ్లకు తగినది. ఆత్రేయపురపు పూతరేకులు సుకుమారములు. ఒత్తిడికి నలుగును, తేమకు మెత్తబడును. వానిని గట్టి పెట్టెలో నుంచి పైభాగమున అమర్చవలెను. బరువైనవి అడుగున నుండవలెను. పండిన పండ్లను ఊరిలోని వారికే పంపుట మేలు. తీపి తినగూడని వారికి జీడిపప్పు, అరకు కాఫీపొడి ఉచితములు. ఏటికొప్పాక లక్కబొమ్మ యొకటి చేర్చినచో పండుగ ముగిసిన పిదపను ఇంట నిలుచును.

సహోద్యోగులకు పంపునపుడు అధికారికిని బంట్రోతుకును ఒకే బుట్ట పంపవలెను. హెచ్చుతగ్గులు చూపిన కానుక సంతోషమునకు మారుగా మనస్తాపమును కలిగించును. అచ్చువేసిన చీటీకంటె స్వహస్తముతో వ్రాసిన రెండు వాక్యములు హృదయమునకు హత్తుకొనును. బుట్టను పండుగకు రెండుమూడు దినముల ముందు, కార్యాలయమునకే, బహిరంగముగా పంపుట ఉత్తమము. నలుగురి యెదుట విప్పి, నలుగురితో పంచుకొని తినదగినదే మంచి కానుక.