పరదేశంలో పని వెతికే విద్యార్థికి మద్యన్ పాఠం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల ముస్లిం కుటుంబాలకు పరదేశం కొత్త కాదు. దశాబ్దాలుగా ఇక్కడి యువకులు దుబాయి, సౌదీ, కువైట్, మస్కట్ వెళ్లి, రెక్కల కష్టంతో ఇళ్లు నిలబెట్టారు, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశారు. ఇప్పుడు వారి సంతానం అదే హైదరాబాద్ విమానాశ్రయం నుంచి చదువు కోసం అమెరికా, జర్మనీ, బ్రిటన్ వెళ్తోంది. జగిత్యాల దగ్గర నాచుపల్లిలో 2007లో జేఎన్టీయూ ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. 2021లో సిరిసిల్లకూ ఒకటి వచ్చింది. మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువు కోసం తెలంగాణ ప్రభుత్వం 2015లో ప్రారంభించిన ఉపకార వేతనం మొదట 10 లక్షల రూపాయలు ఉండగా, తర్వాత 20 లక్షలైంది. దీంతో బీడీలు చుట్టే తల్లి బిడ్డ కూడా విదేశీ విశ్వవిద్యాలయం గురించి ఆలోచించే రోజు వచ్చింది. అల్‌హమ్దులిల్లాహ్!

అయితే విమానం ఎక్కడంతో పరీక్ష ముగియదు. అక్కడికి వెళ్లిన పిల్లలను అన్నిటికంటే ఎక్కువగా వేధించే విషయం ఇంటర్న్‌షిప్. పేరు కొత్తదే గాని విషయం మనకు పాతదే. సిరిసిల్లలో పిల్లవాడు మగ్గం పట్టకముందు కండెలు చుట్టడం, తెగిన పోగు అతకడం నేర్చుకుంటాడు. గ్యారేజీలో షాగిర్ద్ ముందు పానాలు అందిస్తాడు, తర్వాతే ఇంజన్ విప్పుతాడు. ఉస్తాద్ చేతి కింద పని నేర్చుకోవడమే ఇంటర్న్‌షిప్. అమెరికాలో చదువు పూర్తయ్యాక మంచి ఉద్యోగం రావాలంటే ఈ మెట్టు ఎక్కడం దాదాపు తప్పనిసరి. 2023-24లో అక్కడ ఉన్న 3,31,602 మంది భారతీయ విద్యార్థులలో 97,556 మంది చదువు తర్వాత లభించే ఓపీటీ అనే పని శిక్షణలో ఉన్నవారే. పోటీ ఎంత ఉందో దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఒక తండ్రి ప్రశ్న

జుమా నమాజు తర్వాత ఒక తండ్రి నన్ను పక్కకు పిలిచి అడిగారు: “మౌలానా సాబ్! మా వాడి చదువు అయిపోయింది. పని దొరకడం లేదు. తొంభై రోజులు దాటితే అక్కడ ఉండనివ్వరట. డబ్బు కడితే ఒక కన్సల్టెన్సీ తమ దగ్గర పని చేస్తున్నట్టు కాగితం ఇస్తుందట. పని ఏమీ ఉండదు, కాగితం మాత్రమే. ఎవరినీ దోచుకోవడం లేదు కదా, ఇది జాయిజేనా?”

ఇది ఆ ఒక్క ఇంటి ప్రశ్న కాదు. ఆయన గల్ఫ్‌లో పోగేసిన సొమ్మంతా ఆ చదువులోనే పెట్టారు. ఆ కళ్లలోని భయాన్ని చూశాక ఒక్క మాటలో ‘హరామ్’ అని చెప్పి వెళ్లిపోవడం న్యాయం అనిపించలేదు. జవాబుతో పాటు దారి కూడా చూపాలి. ఆ దారి దివ్య ఖుర్‌ఆన్‌లోని ఖసస్ సూరాలో ఉంది.

మద్యన్ బావి దగ్గర

హజ్రత్ మూసా (అలైహిస్సలామ్) ప్రాణభయంతో ఈజిప్టు విడిచి మద్యన్ చేరారు. చేతిలో డబ్బు లేదు, తెలిసినవారు లేరు. బావి దగ్గర పశువుల కాపరులు గుమిగూడి ఉన్నారు. ఇద్దరు అమ్మాయిలు తమ మందను ఆపుకొని దూరంగా నిలబడ్డారు. విషయం అడిగితే, తమ తండ్రి వృద్ధుడని, కాపరులు వెళ్లేదాకా తాము నీళ్లు పెట్టలేమని చెప్పారు. ఆయన వారి మందకు నీళ్లు పెట్టి, ఏ ప్రతిఫలమూ అడగకుండా నీడకు వెళ్లారు. తనకు ఏ మేలు ప్రసాదించినా దానికోసం అగత్యపరుడినేనని అల్లాహ్‌కు మొరపెట్టుకున్నారు. కొద్దిసేపటికే ఆ ఇంటి నుంచి పిలుపు వచ్చింది. ఆయన తన కథనంతా ఉన్నదున్నట్టు ఆ పెద్దమనిషికి చెప్పారు. ఇతణ్ణి పనిలో పెట్టుకోమని, బలమూ నమ్మకమూ ఉన్నవాడే పనికి ఉత్తముడని కూతురు తండ్రికి సిఫారసు చేసింది. ఎనిమిదేళ్ల సేవ, పదేళ్లు చేస్తే అది ఆయన ఇష్టం. ఆ సేవకు బదులుగా కూతురితో వివాహం. షరతులు ముందే తేలాయి, అల్లాహ్‌ను సాక్షిగా పెట్టుకున్నారు.

సోదరులారా! పరాయి దేశంలో పని వెతుక్కునే యువకుడికి ఇంతకంటే స్పష్టమైన దారి ఎక్కడ దొరుకుతుంది? ఇందులోని మెట్లను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, పని అడగడానికి ముందే ఆయన పని చేసి చూపారు. విశ్వవిద్యాలయంలో చేరిన విద్యార్థి మొదటి నెల నుంచే ప్రొఫెసర్ పరిశోధనలో చిన్న సాయమైనా చేయాలి. తాను చేసిన ప్రాజెక్టు నలుగురికీ కనిపించేలా ఉంచాలి. ఇక్కడ ఉండగానే దీనిని మొదలుపెట్టవచ్చు. సిరిసిల్లలో ఒక ఆసామి మగ్గాల లెక్కలు కంప్యూటరులో సరిచేసి ఇచ్చిన కుర్రాడు, ఆ పని ఎలా చేశాడో ఇంటర్వ్యూలో చెబితే, వంద ఉత్తుత్తి సర్టిఫికెట్లకంటే ఎక్కువ విలువ. మరో మాట. అమెరికాలోని పెద్ద కంపెనీలు వేసవి ఇంటర్న్‌షిప్‌లకు ముందు సంవత్సరం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే ఎంపికలు మొదలుపెడతాయి. మార్చిలో లేచి వెతికేవాడికి బావి దగ్గర నీళ్లు మిగలవు.

రెండవది, ఆయనకు సిఫారసు చేసింది ఆయన పనిని కళ్లారా చూసిన వ్యక్తి. మన దగ్గర సిఫారసు అంటే పలుకుబడి అనే అర్థం స్థిరపడింది. అసలు సిఫారసు ఒక సాక్ష్యం. ప్రొఫెసర్, సీనియర్ విద్యార్థి, పాత కళాశాల మిత్రుడు, మసీదులో పరిచయమైన ఇంజనీరు - వీరిని మర్యాదగా అడగడం తప్పు కాదు. విశ్వవిద్యాలయంలో ఉద్యోగాల సలహా విభాగం ఉంటుంది, దానికి వేరే ఫీజు ఉండదు. అయినా మన పిల్లలు దాని గడప తొక్కడానికి బిడియపడి, బయట కన్సల్టెన్సీలకు వేల డాలర్లు కడుతున్నారు.

మూడవది, ఆయన తన గురించి నిజమే చెప్పారు. పారిపోయి వచ్చిన సంగతి కూడా దాచలేదు. ఇరవై మూడేళ్ల కుర్రాడి కాగితంలో ఎనిమిదేళ్ల అనుభవం ఉన్నట్టు రాయించడం, ఇంటర్వ్యూలో ఒకరి బదులు మరొకరు మాట్లాడటం ఇవాళ వ్యాపారమైపోయింది. జగిత్యాల మార్కెట్ యార్డుకు వెళ్లే రైతుకు ఇది చెప్పనక్కర్లేదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి బజారులో ధాన్యపు కుప్పలో చెయ్యిపెట్టి చూస్తే పైన పొడిగా, లోపల తడిగా ఉంది. మోసగించేవాడు తమవాడు కాదని ఆయన హెచ్చరించారు. దొంగ అనుభవ పత్రం సరిగ్గా ఆ తడిసిన కుప్పే.

నాలుగవది, షరతులు ముందే తేలడం. ఎంత కాలం, ఏ పని, ఎంత వేతనం అన్నది కాగితం మీద ఉండాలి. పనివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త (స) ఆదేశం ఎప్పటికీ వర్తిస్తుంది. ఇంటర్న్‌షిప్ ఇస్తామంటూ ఎదురు డబ్బు అడిగే చోట కూలి లేదు, కుట్ర ఉంది.

వీసా కూడా ఒక ఒడంబడికే

ఒప్పందాలను నెరవేర్చమని దివ్య ఖుర్‌ఆన్ విశ్వాసులను ఆదేశించింది. వీసా తీసుకున్నవాడు ఆ దేశంతో ఒప్పందం చేసుకున్నట్టే. కాబట్టి ఆ షరతులు తెలుసుకోవడం అతని బాధ్యత.

ఇక్కడి కళాశాలలో చదువుతూ ఒకటి రెండు సెమిస్టర్ల కోసం వెళ్లే ఎక్స్ఛేంజ్ విద్యార్థికి సాధారణంగా జె-1 వీసా ఉంటుంది. అతను తన చదువుకు సంబంధించిన చోట శిక్షణ పొందవచ్చు. కాని కార్యక్రమం నడిపే సంస్థలోని బాధ్యుడైన అధికారి ముందుగా రాతపూర్వక అనుమతి ఇవ్వాలి. పూర్తి డిగ్రీకి వెళ్లేవారిది ఎఫ్-1 వీసా. వారు చదువు మధ్యలో చేసే ఇంటర్న్‌షిప్‌కు సీపీటీ అనే అనుమతి కావాలి. సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే అది వస్తుంది. కంపెనీ పేరు, తేదీలు ఐ-20 పత్రంలో ఎక్కిన తర్వాతే పనిలో చేరాలి, ఒక్క రోజు ముందు చేరినా ఉల్లంఘనే. పూర్తికాలపు సీపీటీని 12 నెలలు వాడుకుంటే అదే స్థాయి చదువుకు తర్వాతి ఓపీటీ పోతుంది. ఓపీటీ 12 నెలలు. సైన్సు, ఇంజనీరింగ్, గణితం చదివినవారికి మరో 24 నెలల పొడిగింపు ఉంది. మొదటి 12 నెలల్లో మొత్తం 90 రోజులకు మించి పని లేకుండా ఉండకూడదు.

జర్మనీలో విదేశీ విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేయవచ్చు. కోర్సులో తప్పనిసరి భాగమైన ఇంటర్న్‌షిప్ ఆ లెక్కలోకి రాదు. బ్రిటన్‌లో డిగ్రీ విద్యార్థులకు చదువు రోజుల్లో వారానికి 20 గంటలే పరిమితి. ఈ నియమాలు మారుతూ ఉంటాయి గనుక అడుగు వేసే ముందు విశ్వవిద్యాలయంలోని విదేశీ విద్యార్థుల అధికారిని అడగాలి, గదిలోని స్నేహితుణ్ణి కాదు.

ఒడంబడిక తప్పితే ఏమవుతుందో తెలుగువారు రెండుసార్లు చూశారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ బండారం బయటపడింది. అక్కడి విద్యార్థులలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు బిగించారు. నడిపినావిడకు 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి తెలిసింది. అక్కడ తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. అమెరికా ప్రభుత్వ అధికారులే వల పన్ని పెట్టిన సంస్థ అది. సీపీటీ కాగితం కోసం అందులో చేరినవారిలో 129 మంది భారతీయులను తొలి విడతలోనే నిర్బంధించారు. వారిలో మోసపోయినవారూ ఉన్నారు. కాని చదువు లేని కాగితం అని తెలిసీ కొన్నవారి సంగతి ఏమిటి?

ఆ తండ్రికి జవాబు

అందుచేత ఆ తండ్రితో ఇలా అన్నాను: “భాయీ సాబ్, ఆ కాగితం నాజాయిజ్. చేయని పనిని చేసినట్టు ప్రభుత్వానికి చెప్పడం దొంగ సాక్ష్యం. ప్రవక్త (స) దానిని మహా పాపాలలో లెక్కించారు. పైగా పట్టుబడితే మీ వాడికి ఆ దేశపు తలుపు ఎప్పటికీ మూసుకుపోవచ్చు. అయితే నిజమైన దారి ఉంది. తొలి ఓపీటీ కాలంలో తన చదువుకు సంబంధించిన చోట, చట్టం ఒప్పుకునే తీరులో, వారానికి 20 గంటలు జీతం లేకుండా పని చేసినా అది పనిగానే లెక్క. ప్రొఫెసర్ ప్రయోగశాలనో, ఒక సేవాసంస్థనో అడగమనండి. పని నిజం కావాలి, అంతే. అదీ దొరకకపోతే గడువు ముగియకముందే మరో కోర్సులో చేరడమో, ఇంటికి రావడమో చేయాలి.”

‘ఇంటికి రావడం’ అన్న మాట దగ్గర ఆయన తల వంచుకున్నారు. అసలు కష్టమంతా అక్కడే ఉంది. పిల్లవాడు తప్పుడు కాగితం కొనడానికి సగం కారణం అమెరికా నియమం, మిగతా సగం మన గల్లీ మాటలు. “అప్పుడే వచ్చేశాడా?”, “నెలకెంత పంపుతున్నాడు?” అని అడిగే మనమే అతణ్ణి ఆ కన్సల్టెన్సీ గుమ్మానికి నెడుతున్నాం. మిత్తికి అప్పు తెచ్చిన ఇంట్లో ఆ ఒత్తిడి రెట్టింపు. కనుక ప్రయాణానికి ముందే తండ్రి కొడుకుతో, తల్లి కూతురితో ఒక మాట చెప్పి పంపాలి: “పని దొరికితే అల్లాహ్ దయ. దొరకకపోతే నీ ఇల్లు ఇక్కడే ఉంది. అబద్ధం మాత్రం ఆడకు.” ఈ మాట సూట్‌కేసులోని పచ్చళ్లకంటే ఎక్కువ కాలం పనికొస్తుంది.

నమాజు, పరదా సంగతి

పనిలో జుమాకు వెళ్లనిస్తారా, హిజాబ్ ఉన్న అమ్మాయిని తీసుకుంటారా అని చాలామంది అడుగుతారు. అమెరికా 1964 నాటి పౌరహక్కుల చట్టం ప్రకారం 15 మందికంటే తక్కువ ఉన్న అతి చిన్న సంస్థలను మినహాయిస్తే, యజమాని ఉద్యోగి మతాచారానికి వీలైన సౌకర్యం ఇవ్వాలి. తలపై రుమాలు కారణంగా ఒక ముస్లిం యువతికి ఉద్యోగం నిరాకరించిన కేసులో 2015లో అక్కడి సుప్రీంకోర్టు ఆమె పక్షాన నిలిచింది. కనుక దాచనక్కర్లేదు, వాదులాటా అక్కర్లేదు. పని ఖాయమయ్యాక, శుక్రవారం మధ్యాహ్నం గంట సమయం కావాలని, ఆ గంట సాయంత్రం పూర్తి చేస్తానని వినయంగా చెబితే చాలు. చెప్పిన గంట నిజంగా పూర్తి చేయడమే అసలైన దావత్.

మూసా (అ) ఒప్పుకున్న రెండు గడువులలో పెద్దదే పూర్తి చేశారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు. ఆ నిజాయితీ ముగిసిన చోటే ఆయనకు అసలు గౌరవం మొదలైంది. కుటుంబంతో తిరుగు ప్రయాణంలో ఉండగా తూర్ కొండ వైపు ఆయనకు నిప్పు కనిపించింది, ప్రవక్త పదవి లభించింది. తిరిగి వచ్చే దారిలో కూడా అల్లాహ్ అనుగ్రహాలు ఉంటాయని దీనిని బట్టి తెలుస్తోంది.

పరదేశంలో ఉన్న మన బిడ్డలకు అల్లాహ్ హలాల్ జీవనోపాధిని, నమ్మకస్తులనే పేరును ప్రసాదించుగాక! వారిని పంపిన తల్లిదండ్రులకు సహనం ప్రసాదించుగాక! ఆమీన్.