బొబ్బిలి వీణ

బొబ్బిలి వీణ ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం, విజయనగరం జిల్లా, బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో చేతితో తయారు చేయబడే సరస్వతీ వీణ. కుండ, దండి ఒకే పనస దుంగ నుండి మలచబడటం దీని ప్రత్యేకత. ఇలా అతుకు లేకుండా చేసిన వీణను ఏకాండి వీణ అంటారు. దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది. వీణ తయారీకి పేరుపొందిన మరొక తెలుగు పట్టణం నూజివీడు.

చరిత్ర

ఇరువది నాలుగు స్థిరమైన మెట్లు గల వీణ, 17వ శతాబ్దపు పూర్వార్ధంలో తంజావూరును పాలించిన తెలుగు ప్రభువు రఘునాథ నాయకుని ఆస్థానంలో రూపుదిద్దుకొన్నదని సంప్రదాయం చెబుతుంది. అంతకు ముందు వీణలలో రాగాన్ని బట్టి మెట్లను జరుపుకొనవలసి వచ్చేది. పన్నెండు స్వరస్థానాలకూ మెట్లు అమరడంతో ఏ రాగాన్నైనా ఒకే వీణపై వాయించడం సాధ్యమైనది.

బొబ్బిలి సంస్థానాధీశులు వీణా వాదనాన్ని ఆదరించడంతో ఆ ప్రాంతంలో వీణల తయారీ వృత్తిగా స్థిరపడింది. గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకులు ఈ పనిని తరతరాలుగా చేస్తున్నారు. పొరుగున ఉన్న విజయనగరంలో 1919లో సంగీత కళాశాల ఏర్పడింది. 20వ శతాబ్దంలో ఈమని శంకరశాస్త్రి (1922 - 1987), ఆయన శిష్యుడు చిట్టిబాబు (1936 - 1996) తెలుగునాట వీణకు విస్తృత ప్రచారం కల్పించారు.

తయారీ

పనస కఱ్ఱ గట్టిది, నాదాన్ని చక్కగా పలికిస్తుంది, పురుగును తట్టుకొంటుంది. బాగా ఆరిన దుంగను ముందుగా వీణ ఆకారానికి చెక్కి, తరువాత కుండను, దండిని లోపలి నుండి తొలుస్తారు. కుండ గోడ మరీ మందంగా ఉంటే నాదం మూగపోతుంది, మరీ పలుచనైతే పగులుతుంది. ఎక్కడ ఆపాలో పనివాని చేతికి, చెవికి తెలియాలి. తొలిచిన భాగాలపై పలకలను బిగించి, కుండపై గుర్రాన్ని, దండి చివర యాళి ముఖాన్ని, దాని వెనుక క్రిందుగా బుర్రను, తీగలను బిగించే బిరడలను అమరుస్తారు.

ఇటువంటి చెక్కడపు పనికి పాశ్చాత్య దేశాలలో పోలిక ఆర్చ్‌టాప్ గిటారు. సాధారణ గిటారు పైపలక పలుచగా కోసిన చదునైన చెక్క. చేతితో చేసే ఆర్చ్‌టాప్ గిటారులో ఆ పలకను మందపాటి చెక్క నుండి వయొలిన్ వలె గుబ్బగా చెక్కుతారు. గిబ్సన్ సంస్థ 1922లో తెచ్చిన ఎల్-5 గిటారు, న్యూయార్కులో జాన్ డి ఏంజెలికో (1905 - 1964) చేసిన గిటార్లు ఈ పద్ధతికి ప్రసిద్ధ ఉదాహరణలు. అయితే గిటారు మెట్లు కఱ్ఱ గాళ్ళలో దిగగొట్టబడి ఉంటాయి. వీణ మెట్లు మైనంలో నిలుస్తాయి. ఈ ఒక్క తేడా వల్ల వీణ కలవారికి, వీణ చేసేవారికి మధ్య సంబంధం కొనుగోలుతో ముగియదు.

మేళం

దండికి ఇరువైపులా తేనెమైనం, బొగ్గుపొడి కలిపిన నల్లని మైనంతో గట్లు కట్టి, వాటిపై 24 లోహపు మెట్లను నిలుపుతారు. ఈ పనిని మేళం కట్టడం అంటారు.

మెట్ల స్థానాలకు ఒక లెక్క ఉన్నది. గుర్రం నుండి మేరువు వరకు తీగ పొడవు 84 సెం.మీ. అనుకొందాము. పై షడ్జం పలికే పన్నెండవ మెట్టు సరిగా సగంలో, అనగా మేరువు నుండి 42 సెం.మీ. దూరంలో ఉంటుంది. ఇరువది నాలుగవ మెట్టు 63 సెం.మీ. దూరంలో ఉంటుంది. మొదటి మెట్టు మేరువుకు సుమారు 4.7 సెం.మీ. దూరంలో ఉండగా, చివరి రెండు మెట్ల మధ్య ఎడం 1.25 సెం.మీ. మాత్రమే. కనుక ఒక మిల్లీమీటరు తప్పు క్రింది మెట్లలో అంతగా తెలియకపోయినా, పై మెట్లలో అపస్వరంగా వినిపిస్తుంది. పైగా మెట్టుపై తీగను నొక్కినపుడు అది కొంత సాగి స్వరం పెరుగుతుంది. అందుచేత లెక్క దారి చూపుతుందే గాని, తుది నిర్ణయం చెవిదే.

వాయించు విధానం

వీణకు ఏడు తీగలు. స్వరాలు పలికించే తీగలు నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. శ్రుతికి, తాళానికి ప్రక్కన ఉండే తీగలు మూడు: పక్క సారణి, పక్క పంచమం, హెచ్చు సారణి. మూడున్నర స్థాయిల వరకు వాయించవచ్చును.

వాద్యకారులు నేలపై కూర్చొని, బుర్రను ఎడమ తొడపై ఆనించుకొంటారు. కుడిచేతి చూపుడు, నడిమి వ్రేళ్ళతో తీగలను మీటి, చిటికెన వ్రేలితో తాళపు తీగలను పలికిస్తారు. ఎడమచేతి వ్రేళ్ళతో తీగను మెట్టుపై నొక్కి ప్రక్కకు లాగినపుడు అదే మెట్టుపై పై స్వరాలు కూడ పలుకుతాయి. గమకాలకు ఇదే ఆధారం.

సంరక్షణ

* మైనం వేడికి మెత్తబడుతుంది. వినుకొండ వంటి మెట్ట ప్రాంతాలలో వేసవి ఎండలు తీవ్రం. ఎండ తగిలే కిటికీ వద్ద, రేకుల కప్పు క్రింద, తలుపులు మూసి ఎండలో నిలిపిన కారులో వీణను ఉంచరాదు. తీగల ఒత్తిడికి మెట్లు కదలవచ్చును.
* వీణను దూరప్రయాణంలో తీసుకొనిపోయేటపుడు తీగలను కొంత వదులు చేయడం మంచిది.
* తీగ ఒరిపిడికి మెట్లపై గాట్లు పడతాయి. అపుడు స్వరం గరగరలాడుతుంది. మెట్లను అరగదీసి తిరిగి నిలపాలి.
* పన్నెండవ మెట్టుపై పలికే స్వరం, విడి తీగ పై షడ్జంతో కలియకపోతే మేళం సరిచూపించవలెను.

నేటి పరిస్థితి

గొల్లపల్లిలో కచేరీ వీణలతో పాటు, బహూకరణకు పనికివచ్చే చిన్న బొమ్మ వీణలు కూడ తయారవుతున్నాయి. బొమ్మ వీణకు తక్కువ కఱ్ఱ, తక్కువ కాలం చాలును. అందులో మేళం కట్టే నేర్పుతో పని లేదు. ఆ నేర్పు పుస్తకంతో వచ్చేది కాదు. పెద్దల ప్రక్కన కూర్చొని, ఒక్కొక్క మెట్టును వింటూ ఏళ్ళ తరబడి అభ్యసించవలసినది.

మైనం అవసరం లేని ఎలక్ట్రానిక్ వీణలు వచ్చిన తరువాత ప్రయాణాలు చేసే వాద్యకారులకు కొంత సౌకర్యం కలిగింది. అయితే ఇళ్ళలో ఉన్న పాత పనస వీణలకు అవి ప్రత్యామ్నాయం కావు. మంచి కుండ ఒక తరం నుండి మరొక తరానికి అందుతుంది. దానిపైనున్న మేళాన్ని మాత్రం ఎప్పటికప్పుడు కట్టించుకొనవలసినదే. మేళం కట్టేవారు దగ్గరలో లేని ఊళ్ళలో శ్రుతి తప్పిన వీణలు అలంకార వస్తువులుగా మిగిలిపోతాయి. కనుక బొబ్బిలి వీణను కాపాడుకోవడమంటే కొత్త వీణలు చేయించడమే కాదు, ఉన్న వీణలకు మెట్లు నిలిపే చేతులను కూడ నిలుపుకోవడం.

ఇవి కూడా చూడండి

* సరస్వతీ వీణ
* నూజివీడు
* ఈమని శంకరశాస్త్రి
* చిట్టిబాబు